ప్రాజెక్టు బ్యాచ్: ఉస్మానియా, తార్నాకల్లో విద్యార్థి సాఫ్ట్‌వేర్ జట్ల చరిత్ర

ఇంజనీరింగ్‌లోనో ఎంసీఏలోనో చివరి ఏడాదికి వచ్చిన విద్యార్థులు ముగ్గురు నలుగురు జట్టుగా ఏర్పడి, ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి, దానిమీద నివేదిక రాసి, ఎక్స్‌టర్నల్ (బయటి పరీక్షకుడు) ముందు వైవాకు నిలబడడం హైదరాబాద్ కాలేజీల్లో ఎంతోకాలంగా స్థిరపడిన పద్ధతి. ఈ జట్టుకు వాడుకలో పేరు ‘బ్యాచ్’. ప్రాజెక్టు బ్యాచ్ ఏర్పడిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు తేలాలి: ఎవరెవరు కలవాలి, ఎవరి వంతు పని ఏది. మొదటి ప్రశ్నకు జవాబు కాలేజీ నిబంధనల్లోంచీ స్నేహాల్లోంచీ వచ్చింది. రెండో దానికి జవాబు మాత్రం ఎక్కువగా కంపెనీల పని పద్ధతుల నుంచి అరువు వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాక ఈ రెండు జవాబులూ కలిసిన చోటు.

కంప్యూటర్ రాకముందు

ఒకే మేధోశ్రమను పలువురికి పంచి చేయించడం ఉస్మానియాకు పుట్టుకతోనే అలవాటు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగాలని నిర్ణయించారు. అందుకు కావలసిన పాఠ్యపుస్తకాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. అక్కడ అనువదించేవారు వేరు, భాషను సరిచూసేవారు వేరు. శాస్త్ర పదాలను ఖరారు చేసే సంఘాల్లో ఆయా విషయాల నిపుణులు, భాషా పండితులు కలిసి కూర్చునేవారు. ప్రముఖ ఉర్దూ కవి జోష్ మలీహాబాదీ కూడా ఈ సంస్థలో పనిచేశారు. రాసేవారు, సరిచూసేవారు, ప్రమాణాలు నిర్ణయించేవారు అనే ఈ విభజన తర్వాతి కాలపు సాఫ్ట్‌వేర్ జట్లలో ప్రోగ్రామర్, టెస్టర్, డిజైనర్ అనే విభజనకు దగ్గరిదే.

విద్యార్థుల విషయానికొస్తే, జట్టు పని మొదట నేర్పింది సివిల్ ఇంజనీరింగ్ సర్వే క్యాంపు. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలై, 1947లో క్యాంపస్‌లోని ప్రస్తుత భవనంలోకి మారింది. దేశంలోని ఇంజనీరింగ్ కాలేజీలన్నిటిలాగే సర్వే ఇక్కడా బ్యాచ్‌లుగా చేయవలసిన పని. గొలుసు కొలతలో ముందు నడిచి గొలుసు లాగేవారిని లీడర్ అంటారు, వెనక కొస పట్టుకుని వరుస సరిచూసేవారిని ఫాలోవర్ అంటారు. లెవెలింగ్‌లో ఒకరు పరికరం దగ్గర కన్ను పెడితే, ఇంకొకరు దూరాన స్టాఫ్ నిలువుగా పట్టుకుంటారు, మరొకరు ఫీల్డ్ బుక్‌లో రీడింగులు ఎక్కిస్తారు. అందరూ అన్నీ నేర్చుకోవాలి కాబట్టి ఈ వంతులు మారుతుంటాయి. గొలుసు రెండో కొస పట్టుకునే మనిషి లేకపోతే కొలత అక్కడే ఆగిపోతుంది. ఎవరు పనిచేస్తున్నారో, ఎవరు చెట్టు నీడన కూర్చున్నారో మైదానంలో అందరికీ కనబడుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌలభ్యం లేదు. నలుగురి పనిని ఒక్కరే రాత్రంతా మేల్కొని చేసేయవచ్చు, ఆ సంగతి బయటికి తెలియకపోవచ్చు కూడా. విద్యార్థి సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌ల చరిత్రలో తరచూ ఎదురయ్యే చిక్కు ఇదే.

తార్నాక చుట్టూ ప్రయోగశాలలు

తార్నాక, హబ్సిగూడ ప్రాంతం స్వాతంత్ర్యానంతరం శాస్త్ర సంస్థల పేటగా మారింది. నిజాం కాలంలో 1944లో మొదలైన పరిశోధనశాల 1956లో రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీగా, 1989లో ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ)గా పేరు మార్చుకుంది. కూనూర్ నుంచి వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ 1958లో ఇక్కడ స్థిరపడింది. భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ 1961లో, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 1977లో వచ్చాయి. తార్నాక నుంచి లాలాపేట, మౌలాలి మీదుగా వెళ్తే కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్. 1967లో అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో మొదలైన ఈ ప్రభుత్వ సంస్థ టీడీసీ పేరుతో దేశీయ కంప్యూటర్ల వరుసను తయారుచేసింది. టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 ఆ వరుసలోవి.

ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలో పనుల విభజన యంత్రమే నిర్ణయించింది. సమస్యను అర్థం చేసుకుని కాగితం మీద పరిష్కారం గీసేవారు సిస్టమ్స్ అనలిస్టు. దాన్ని ఫోర్ట్రాన్‌లోనో కోబాల్‌లోనో రాసేవారు ప్రోగ్రామర్. ఆ రాతను కార్డులకెక్కించేవారు పంచ్ ఆపరేటర్. కార్డుల కట్టను యంత్రానికి అందించి ఫలితం తెచ్చేవారు ఆపరేటర్. యంత్రం ఖరీదైనది, దాని సమయం విలువైనది కాబట్టి ప్రతి మెట్టులోనూ ఒక మనిషి అవసరమయ్యేవాడు. టెర్మినల్ తెర వచ్చాక కింది రెండు పనులూ క్రమంగా మాయమై, రాసేవారే నడిపేవారయ్యారు. అనలిస్టు, ప్రోగ్రామర్ అన్న పేర్లు మాత్రం పాఠ్యపుస్తకాల్లో, ఉద్యోగ ప్రకటనల్లో చాలాకాలం నిలిచాయి.

ఇదే కాలంలో ప్రభుత్వం 1975లో నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ, సికింద్రాబాద్‌లో పరిశోధనాభివృద్ధి కేంద్రం నడిపింది. ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లాక ఆ యంత్రాల నిర్వహణ సీఎంసీ చేతికి వచ్చింది. 1980ల నడుమ ఢిల్లీలో మొదలైన రైల్వే రిజర్వేషన్ కంప్యూటరీకరణ ఈ సంస్థ చేసిన పనే. బుకింగ్, రద్దు, చార్టు తయారీ, లెక్కలు అంటూ పెద్ద పనిని భాగాలుగా విడగొట్టి, ఆ భాగాలన్నీ ఒకే సమాచారం మీద తప్పులేకుండా నడిచేలా చూడడం ఎంత పనో దేశానికి చూపించిన ప్రాజెక్టు అది. హైదరాబాద్ విద్యార్థులకు ‘మాడ్యూల్’ అంటే ఏమిటో చెప్పాలంటే రైల్వే రిజర్వేషన్ ఇప్పటికీ చేతికందే ఉదాహరణ. కాలేజీ ప్రాజెక్టుల జాబితాల్లో ‘రైల్వే రిజర్వేషన్ సిస్టమ్’ అన్న శీర్షిక దశాబ్దాలుగా వదలకుండా కనిపిస్తుంది.

జట్టుకు సిద్ధాంతం ఎక్కడిది

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సదస్సుతో. పెద్ద ప్రోగ్రాములు గడువు దాటిపోవడం, ఖర్చు మించిపోవడం, తప్పులతో బయటికి రావడం అక్కడ చర్చకు వచ్చాయి. తర్వాతి పదేళ్లలో జట్టు నిర్మాణం మీద రెండు భిన్నమైన ఆలోచనలు బలపడ్డాయి. జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లో వెలువరించిన పుస్తకంలో, కోడ్‌ను సొంత ఆస్తిలా చూసుకోకుండా ఒకరిది ఒకరు చదివి దిద్దుకునే సమాన సభ్యుల జట్టును సమర్థించారు. ఐబీఎంలో హార్లన్ మిల్స్ దీనికి భిన్నంగా ప్రధాన ప్రోగ్రామర్ జట్టును ప్రతిపాదించారు. అందులో కీలకమైన కోడ్ ఒక్కరే రాస్తారు, ఇంకొకరు ఆయనకు తోడుగా ప్రతి వివరం తెలుసుకుని ఉంటారు, లైబ్రేరియన్ ప్రతులన్నీ భద్రపరుస్తారు.

ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో రాసిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ ఈ చర్చకు లెక్క జోడించింది. జట్టులో ప్రతి ఇద్దరి మధ్యా ఒక మాటల దారి ఉంటుంది. ముగ్గురున్నచోట అవి 3, నలుగురున్నచోట 6, ఆరుగురున్నచోట 15. మనుషులు పెరిగే వేగం కన్నా మాట్లాడుకోవలసిన అవసరం పెరిగే వేగం ఎక్కువ. ఆలస్యమైన పనికి కొత్తవారిని చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందన్న ఆయన సూత్రానికి మూలాల్లో ఇదొకటి. కాలేజీలు ప్రాజెక్టు బ్యాచ్‌ను ముగ్గురు నలుగురికి పరిమితం చేయడానికి గైడ్ల కొరత, మార్కుల సౌలభ్యం కారణాలు కావచ్చు గానీ, ఆ సంఖ్య ఈ లెక్కకూ సరిపోయింది.

విద్యార్థుల కోసమే రూపొందిన పద్ధతుల్లో కెనడాలోని టొరంటోలో హోర్నింగ్, వోర్ట్‌మన్ నడిపిన కోర్సు పేరుపడింది. 1977లో వారు ప్రచురించిన వివరాల ప్రకారం, విద్యార్థి జట్లు తలా ఒక ప్రోగ్రాం భాగం తయారుచేసి తోటి జట్లకు ఆట డబ్బుతో అమ్మేవి. కొన్న జట్టు ఆ పరాయి కోడ్‌ను చదివి మార్పులు చేయాలి. రాసినవారికే అర్థమయ్యే కోడ్‌కు బేరం రాదు. ఎవరు ఎంత శ్రద్ధగా రాశారో మార్కెట్టే తేల్చే ఏర్పాటు ఇది.

సీఎస్‌ఈ, ఎంసీఏ వచ్చాక

1980లకు వచ్చేసరికి ఉస్మానియా పరిధిలో ఇంజనీరింగ్ చదువు క్యాంపస్ దాటి విస్తరించింది. గండిపేటలో సీబీఐటీ 1979లో, బంజారాహిల్స్‌లో ముఫఖంజా కాలేజీ 1980లో, వాసవి, ఎంవీఎస్‌ఆర్ కాలేజీలు 1981లో మొదలయ్యాయి. కంప్యూటర్ సైన్స్ ఒక బ్రాంచిగా నిలదొక్కుకోవడం, ఎంసీఏకు గిరాకీ పెరగడం ఆ తర్వాతి దశ. రోజర్ ప్రెస్‌మన్ 1982లో తొలిసారి వెలువరించిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పుస్తకం భారతీయ విశ్వవిద్యాలయాల్లో ప్రధాన పాఠ్యగ్రంథాల్లో ఒకటైంది. జట్ల రకాలు, వాటి లాభనష్టాలు విద్యార్థులు థియరీ పేపర్లో రాసేవారు. ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం వేరే లెక్క నడిచేది.

బ్యాచ్ కూర్పుకు మూడు దారులుండేవి. ఒకటి రోల్ నంబర్ల వరుస. ల్యాబ్ బ్యాచ్‌ల లాగే పక్కపక్క నంబర్లను కలిపేయడం డిపార్ట్‌మెంట్‌కు తేలిక. రెండోది స్నేహం. హాస్టల్లో ఒకే గదివారు, ఒకే బస్సులో వచ్చే డేస్కాలర్లు, ఇంటర్ ఒకేచోట చదివినవారు కలిసిపోయేవారు. మూడోది మార్కుల సర్దుబాటు. బాగా చదివేవారినీ వెనకబడినవారినీ కలిపి గైడ్ జాబితా వేసేవారు. మొదటి దారిలో ఎవరికీ మొహమాటం లేదు, రెండో దారిలో పోట్లాట తక్కువ, మూడో దారిలో న్యాయం ఎక్కువ. అయితే మూడింటిలో దేనిలోనూ ‘ఈ పనికి ఎవరు కావాలి’ అన్న ప్రశ్న ముందుకు రాదు. బ్యాచ్ ముందు కుదిరి, టాపిక్ తర్వాత కుదిరి, పనుల పంపకం అన్నిటికన్నా చివర జరిగేది.

ఆ పంపకం ఎలా ఉండేదో గ్రంథాలయ నిర్వహణ ప్రాజెక్టు ఒకటి ఊహించుకుంటే తెలుస్తుంది. 2000 ప్రాంతంలో అది విజువల్ బేసిక్ 6 తెరలు, వెనక ఒరాకిల్ లేదా ఎంఎస్ యాక్సెస్ టేబుళ్లతో తయారయ్యేది. నలుగురిలో ఒకరు ఫారాలు గీస్తారు. ఒకరు టేబుళ్లు, క్వెరీలు చూస్తారు. మూడో వ్యక్తి పేరుకు టెస్టింగ్. నాలుగో వ్యక్తికి డాక్యుమెంటేషన్, అంటే అబ్‌స్ట్రాక్ట్ నుంచి డేటా ఫ్లో డయాగ్రాములు, తెరల ప్రింట్లు, చివరి బైండింగ్ దాకా. టెస్టింగ్ మొదలు కావాలంటే ఫారాలూ టేబుళ్లూ పూర్తికావాలి. అవి వైవాకు వారం ముందు గానీ పూర్తికావు. దాంతో టెస్టర్ పని రిపోర్టులో ఒక పట్టికగా మిగిలేది. పుస్తకం మొదటి పేజీల్లోని బోనఫైడ్ సర్టిఫికెట్ మీద మాత్రం నాలుగు పేర్లూ నాలుగు రోల్ నంబర్లూ సమానంగా అచ్చయ్యేవి. ఎవరు ఏం చేశారన్నది ఆ పుస్తకంలో ఎక్కడా ఉండేది కాదు.

అమ్మాయిలున్న బ్యాచ్‌ల్లో డాక్యుమెంటేషన్, పీపీటీ వారి వంతుకు, కోడింగ్ అబ్బాయిల వంతుకు పోవడం తరచు కనిపించిన ధోరణి. దస్తూరి, ఇంగ్లిష్ బాగుంటాయన్నది పైకి చెప్పిన కారణం. దాని ఫలితం ఇంటర్వ్యూలో కనబడేది: ప్రాజెక్టులో కోడ్ గురించి అడిగినప్పుడు రాయని మనిషికి చెప్పడానికి ఏమీ ఉండదు.

అమీర్‌పేట, హైటెక్ సిటీల ప్రభావం

1987లో సత్యం కంప్యూటర్స్ మొదలు కావడం, 1990లలో ఎగుమతులు పెరగడం, 2000 సంవత్సరపు తేదీ సమస్యను సరిచేసే వైటూకే పనులు రావడం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఇంటింటి మాటగా మార్చాయి. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ట్రిపుల్ ఐటీ కూడా ఆ ఏడాదే మొదలైంది. కంపెనీల్లో చేరిన సీనియర్ల ద్వారా టీఎల్ (టీమ్ లీడ్), పీఎల్ (ప్రాజెక్టు లీడ్), మాడ్యూల్ లీడ్, క్యూఏ (నాణ్యత పరీక్ష) అన్న హోదాలు కాలేజీలకు చేరాయి. అంతవరకు బ్యాచ్‌లో చొరవ ఉన్న విద్యార్థిని పెద్దగా చూసేవారు. ఇప్పుడు ఆ మనిషి ‘టీమ్ లీడ్’ అయ్యాడు. పేరు మారింది గానీ కంపెనీలో టీఎల్‌కు ఉండే అధికారం, పనికి గడువు పెట్టే హక్కు, జీతం మీద మాట వేసే వీలు విద్యార్థి లీడ్‌కు లేవు. అతడి చేతిలో ఉన్నది బతిమాలుకోవడం ఒక్కటే.

మరోవైపు అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ పెరిగిన శిక్షణ కేంద్రాలు జావా, డాట్‌నెట్, ఒరాకిల్ నేర్పడంతో ఆగలేదు. ‘ఐట్రిపుల్ఈ ప్రాజెక్టులు’ అన్న బోర్డుల కింద కోడ్, రిపోర్టు, పీపీటీ కలిపి అమ్మే దుకాణాలు వెలిశాయి. ప్రైవేటు ఇంజనీరింగ్ సీట్లు పెరిగిపోయిన 2000లలో ఈ వ్యాపారం ఊపందుకుంది. ప్రాజెక్టు కొన్న బ్యాచ్‌లో పనుల విభజనకు అర్థమే మారింది. ఒకరు బేరం కుదుర్చుతారు, అందరూ డబ్బు వేసుకుంటారు, వైవాకు ముందురోజు కోడ్ ‘ఎక్స్‌ప్లనేషన్’ వింటారు. అందరూ కలిసి కొన్నారు కాబట్టి ఒకరి మీద ఒకరికి ఫిర్యాదు ఉండదు. ఎవరికీ పని రాలేదన్నది ఒక్కటే లోటు.

తార్నాక చౌరస్తా ఈ రెండు లోకాల మధ్య నిలిచింది. ఇటు చూస్తే క్యాంపస్, ప్రభుత్వ ప్రయోగశాలలు; అటు చూస్తే అమీర్‌పేట, హైటెక్ సిటీ దారి. 2017 నవంబరులో మెట్రో నాగోల్ నుంచి తార్నాక మీదుగా అమీర్‌పేటకు, 2019 మార్చిలో అదే దారిలో హైటెక్ సిటీకి చేరడంతో ఆ దారి ఒకే రైలు ప్రయాణమైంది.

కొలమానాలు, కొత్త పాత్రలు

2014 జూన్‌లో భారత్ వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. ఇంజనీరింగ్ పట్టాలకు అంతర్జాతీయ గుర్తింపునిచ్చే ఈ ఒప్పందానికి అనుగుణంగా నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ అప్పట్లో విధించిన 12 ఫలితాల్లో 9వది వ్యక్తిగా, జట్టు సభ్యుడిగా, నాయకుడిగా పనిచేయగలగడం. 11వది ప్రాజెక్టు నిర్వహణ. జట్టు పని ఇలా కాలేజీ కాగితాల్లోకి మార్కులు వేయవలసిన అంశంగా ఎక్కింది. రివ్యూలు పెరిగాయి. రుబ్రిక్ పట్టికలు వచ్చాయి. ప్రతి సభ్యుడి వాటాను విడిగా రాయించే అలవాటు కొన్నిచోట్ల మొదలైంది.

పట్టికల కన్నా ఎక్కువ మార్పు తెచ్చినవి పనిముట్లు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్, 2008లో వచ్చిన గిట్‌హబ్ విద్యార్థుల చేతికి వచ్చాక ఏ వరుస ఎవరు ఏ తేదీన రాశారో చరిత్ర నిలిచింది. గొలుసు సర్వే రోజుల్లో మైదానంలో కనబడ్డ శ్రమ ఇప్పుడు కమిట్ల జాబితాలో కనబడసాగింది. అయితే ఒకే లాప్‌టాప్ నుంచి నలుగురి పేర్లతో కమిట్లు పెట్టే తెలివి కూడా దానివెంటే వచ్చింది.

సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారుచేయాలన్న అజైల్ ప్రకటన 2001లో అమెరికాలోని యూటాలో వెలువడింది. దాని వెంట స్క్రమ్ అనే పని పద్ధతిలోని పాత్రలు కంపెనీల నుంచి సిలబస్‌లోకి దిగాయి. ఏం చేయాలో నిర్ణయించేవారు ప్రోడక్ట్ ఓనర్, పని సాఫీగా సాగేలా చూసేవారు స్క్రమ్ మాస్టర్, తయారుచేసేవారు డెవలపర్లు. విద్యార్థి బ్యాచ్‌లో మొదటి పాత్ర తెలియకుండానే గైడ్‌కు దక్కుతుంది. వాడుకదారు ఎవరో తెలియని ప్రాజెక్టులో గైడ్ మాటే అవసరం, గైడ్ మెప్పే పరీక్ష.

2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ జట్టు కూర్పుకే నిబంధన పెట్టింది: ఆరుగురు సభ్యులు, వారిలో కనీసం ఒకరు అమ్మాయి. సాఫ్ట్‌వేర్ విభాగం తుది పోటీ 36 గంటలు ఏకబిగిన సాగుతుంది. సమస్యలను మంత్రిత్వ శాఖలూ సంస్థలూ ఇస్తాయి కాబట్టి వాడుకదారు ఎవరో ముందే తెలుస్తుంది. గడువు గంటల్లో ఉండడంతో తెర, సర్వర్, డేటా, ప్రెజెంటేషన్ అంటూ పనులు మొదటి గంటలోనే పంచుకోక తప్పదు. అమ్మాయి జట్టులో ఉండాలన్న నిబంధన చోటు కల్పించింది. ఆ చోటులో ఆమె చేసే పని ఏదో మాత్రం జట్టుకే వదిలేసింది.

2020 మార్చి లాక్‌డౌన్‌తో రివ్యూలు గూగుల్ మీట్‌లోకి మారాయి. బ్యాచ్‌లోని నలుగురు నాలుగు ఊళ్లలో ఉండి పనిచేయవలసి వచ్చినప్పుడు, రాసిపెట్టుకున్న పంపకం ఉన్న బ్యాచ్‌లకు అది అక్కరకొచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కోడ్ రాయడమన్న పనే చవకైంది. ‘కోడ్ అంతా ఒక్కరే రాశారు’ అన్న పాత ఫిర్యాదు పక్కకు తప్పుకుంది. దాని బదులు, వచ్చిన కోడ్‌ను చదివి సరిచూసి వివరించగలవారు బ్యాచ్‌లో ఎందరన్నది ప్రశ్న అయింది. దశాబ్దాలపాటు పేరుకు మాత్రమే ఉన్న టెస్టర్ పాత్ర దీనితో బ్యాచ్‌లో ముఖ్యమైనదయ్యే స్థితి వచ్చింది.

ఇంతకాలంలో తేలినది

పేర్లు మారినంతగా పద్ధతి మారలేదన్నది ఈ చరిత్ర చెప్పే సంగతి. అనలిస్టు, టీమ్ లీడ్, స్క్రమ్ మాస్టర్ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. బ్యాచ్ మాత్రం మార్కుల కోసం ముందు కుదిరి, పని కోసం తర్వాత ఆలోచించింది. కంపెనీ నుంచి హోదాలు తెచ్చుకోవడం తేలిక, ఆ హోదాల వెనక ఉండే జవాబుదారీని తెచ్చుకోవడం కష్టం. ఫలించిన బ్యాచ్‌ల్లో సాధారణంగా కనబడే లక్షణాలు మూడు. టాపిక్ ఖరారైన వారంలోనే ఎవరి వంతు ఏదో కాగితం మీద ఉంటుంది. ప్రతి పనికీ ఒక బాధ్యుడితో పాటు అది తెలిసిన రెండో మనిషి ఉంటారు. సర్వే క్యాంపులో లాగా సెమిస్టర్ మధ్యలో వంతులు ఒకసారైనా మారతాయి. వైవాలో ఒకరి భాగం గురించి మరొకరిని అడిగే ఎక్స్‌టర్నల్ ఉంటే ఈ మూడూ వాటంతటవే అమలవుతాయి. జట్టు ఏర్పాటు విద్యార్థుల పని, పంపకాన్ని నిజం చేయించడం పరీక్షించేవారి పని.